తాతయ్య మిగ్‌కి 1.6 మిల్లీమీటర్ల బ్రష్

ప్లాస్టిక్ విమానానికి రంగు వేయడమంటే డబ్బా మీదున్న నంబరు చూసి పూసేయడమే అనుకున్నా. 1971లో అసలు విమానానికే బ్రష్ పట్టిన మా తాతయ్య నా మోడల్‌ని చేతిలోకి తీసుకున్నాక కథ మొదటికొచ్చింది.

“ఇది మాది కాదురా.”

తెనాలిలో అమ్మమ్మ వాళ్లింటి వరండా. మడతకుర్చీలో తాతయ్య. ఆయన చేతిలో నేను మూడు నెలలపాటు రాత్రిళ్లు కూర్చుని చేసిన మిగ్-21. ముప్పై సెంటీమీటర్లు దాటిన పొడవు, ఒళ్లంతా ఆకుపచ్చ, మట్టిరంగు చారలు. ఇన్‌స్టాలో ఫొటో పెడితే నాలుగొందల లైకులు వచ్చాయి. తాతయ్య మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ల దగ్గరగా పెట్టుకుని, రెక్క మీద వేలితో ఒకసారి రాసి, ఆ ఒక్క ముక్క అనేసి తిరిగి నా చేతిలో పెట్టాడు.

“కాదంటే? 1971 మిగ్ ఇదే తాతయ్యా. రిఫరెన్స్ బొమ్మలు చూసే వేశాను.”

“రంగులు ఫరవాలేదు. కానీ ఏదో ఫ్యాక్టరీలో వేసినట్టుంది. మేం వేసినట్టు లేదు.”

అప్పుడు నేనొక మాట అన్నాను. గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. “యాభై నాలుగేళ్లయింది తాతయ్యా, నీకు గుర్తుండి ఉండదులే.”

తాతయ్య ఏమీ అనలేదు. లేచి లోపలికెళ్లి రేడియో పెట్టుకున్నాడు. అమ్మమ్మ మాత్రం వంటింట్లోంచి తొంగిచూసి, “బాగానే ఉందిగా, సంక్రాంతికి బొమ్మల కొలువులో పెట్టుకుంటాలే” అంది. ఇద్దరి మాటల్లో ఏది ఎక్కువ గుచ్చుకుందో చెప్పలేను.

అసలీ పిచ్చి ఏమిటంటే...

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కొండాపూర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఉంటా. రాత్రి పదిన్నరకి ఆఖరి కాల్ అయిపోయాక వాళ్లు ఓటీటీ పెట్టుకుంటారు, నేను టేబుల్ లైట్ వేసుకుంటా. స్కేల్ మోడలింగ్ అంటే అసలు వస్తువుని లెక్క ప్రకారం చిన్నదిగా చేయడం. నాది 48వ వంతు స్కేలు. అంటే అసలు విమానంలో 48 సెంటీమీటర్లు ఉన్నది నా టేబుల్ మీద ఒక్క సెంటీమీటరు. మిగ్-21 రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 7.15 మీటర్లు. నా దగ్గర అది పదిహేను సెంటీమీటర్లు. అసలు రెక్కల వైశాల్యం 23 చదరపు మీటర్లు. నా మోడల్‌లో దాదాపు వంద చదరపు సెంటీమీటర్లు. అరచేతిలో సరిపోతుంది.

కిట్ ముక్కలు కత్తిరించి, అంటించి, అతుకులు గీకి నున్నగా చేయడం ఓపిక పని. కానీ మోడల్ బతికేదీ చచ్చేదీ రంగు దగ్గరే. రంగులోనూ క్యామఫ్లాజ్ దగ్గర. సింగిల్ కలర్ విమానమైతే తప్పు దాచుకోవచ్చు. క్యామఫ్లాజ్‌లో ఏ చార ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరిగిందో, అంచు మెత్తగా ఉందో గీత గీసినట్టుందో అన్నీ కనిపించిపోతాయి.

తాతయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. 1971 యుద్ధం నాటికి ఆయన వయసు ఇరవై రెండు, ర్యాంకు లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్. తర్వాత బయటికొచ్చి ఎక్స్‌సర్వీస్‌మన్ కోటాలో బ్యాంకులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. మాకు తెలిసిన తాతయ్య పాస్‌బుక్కులు, క్రాస్‌వర్డులు, సాయంత్రం కాలవగట్టు మీద వాకింగ్. పాత జీవితానికి ఇంట్లో మిగిలిన ఆనవాళ్లు రెండే. స్టూడియోలో తీయించుకున్న ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో, అమ్మమ్మ బీరువాలో పశ్చిమీ స్టార్ మెడల్. విమానంతో ఫొటో ఒక్కటి కూడా లేదు. బేస్ లోపలికి కెమెరా తీసుకెళ్లనిచ్చేవాళ్లు కాదట. ఏ బేసో, ఏ స్క్వాడ్రనో కూడా ఆయన ఇప్పటికీ గట్టిగా చెప్పడు. “పంజాబ్ వైపు” అంటాడు, అంతే.

ఆ లేని ఫొటో బదులు మోడల్ చేసి ఇద్దామన్నది నా ప్లాన్. అందుకే ఆ “మాది కాదురా” అంత గట్టిగా తగిలింది.

వెండి విమానానికి మట్టి రంగు ఎందుకు?

మిగ్-21 మన వైమానిక దళంలోకి 1963లో వచ్చింది. మన మొదటి సూపర్‌సోనిక్ ఫైటర్ అదే. అప్పట్లో దానికి రంగే లేదు, తళతళలాడే లోహపు ఒళ్లు. గాల్లో ధ్వని కంటే రెట్టింపు వేగంతో పోయేదానికి రంగుతో పనేముంది అనిపిస్తుంది. కానీ యుద్ధంలో విమానం గాల్లో ఉండే సమయం కంటే నేల మీద ఉండే సమయమే ఎక్కువ.

1965 సెప్టెంబరు 6న పాకిస్తాన్ సేబర్ జెట్లు పఠాన్‌కోట్ మీద పడ్డాయి. ఆ దాడిలో నేల మీదే కాలిపోయిన మన విమానాల్లో రెండు కొత్త మిగ్-21లు కూడా ఉన్నాయి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ కూడా ఈజిప్టు వైమానిక దళాన్ని చాలామటుకు నేల మీదే దెబ్బతీసింది. ఎండలో మెరిసే వెండి త్రికోణం పైనుంచి వచ్చేవాడికి మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే విమానాల్ని చెల్లాచెదురుగా ఉంచడం, చుట్టూ మందపాటి గోడలున్న పెన్‌లలో దాచడం, పైన రంగులు పూయడం.

రంగు పని విమానాన్ని మాయం చేయడం కాదు, ఆకారాన్ని ముక్కలు చేయడం. మిగ్-21 రెక్క కొట్టొచ్చినట్టు కనిపించే త్రికోణం. ముదురు చార ఒకటి శరీరం మీద మొదలై, అతుకు దాటి రెక్క మీదుగా అంచు దాకా పోతే కన్ను ఆ త్రికోణాన్ని ఒకటిగా చూడలేదు. కొత్తగా మోడల్స్ చేసేవాళ్లు తరచూ చేసే తప్పు ఇక్కడే. రెక్కకి విడిగా, బాడీకి విడిగా రంగేసి తర్వాత అతికిస్తారు. చార అతుకు దగ్గర ఆగిపోతుంది. చూడటానికి నీట్‌గానే ఉంటుంది గానీ క్యామఫ్లాజ్ చేయాల్సిన పని చేయదు.

1971లో మన మిగ్-21లకి వేసిన క్యామఫ్లాజ్ మోడలర్లకి పెద్ద తలనొప్పి. ఒక స్క్వాడ్రన్ విమానాలకీ ఇంకో స్క్వాడ్రన్ విమానాలకీ పోలిక ఉండదు. కొన్ని దాదాపు మొత్తం పచ్చగా ఉంటాయి, కొన్నింటికి పులిచారలు, వెండిరంగులోనే ఉండిపోయినవీ ఉన్నాయి. బేసుల్లోనే, చేతిలో ఉన్న రంగులతో వేసుకున్న క్యామఫ్లాజ్ అది.

కోడ్ లేని రంగు

ఇక్కడ నాలో ఉన్న ఇంజినీరుకి దెబ్బ తగిలింది. మా టీమ్‌లో డిజైనర్ రంగు చెప్పాలంటే హెక్స్ కోడ్ ఇస్తుంది. ఆ ఆరు అక్షరాలు కొడితే చాలు, వాదన లేదు. సైనిక విమానాల రంగులకీ అలాంటివి ఉన్నాయి. అమెరికా వాళ్ల ఫెడరల్ స్టాండర్డ్ 595 పద్ధతిలో ప్రతి రంగుకీ అయిదంకెల నంబరు. మొదటి అంకె మెరుపు చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మెరుపు లేనిది. రెండో అంకె రంగు కుటుంబం: 0 గోధుమ, 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద. వియత్నాం యుద్ధంలో అమెరికన్ ఫాంటమ్ జెట్ల పైభాగానికి వాడిన మూడు రంగులు 34079, 34102, 30219. నంబర్లు చూస్తేనే తెలిసిపోతుంది, రెండు ఆకుపచ్చలు, ఒకటి మట్టిరంగు, మూడూ మెరుపు లేనివి. ఏ చార ఎక్కడ పడాలో డ్రాయింగ్ కూడా ఉంటుంది.

తాతయ్య మిగ్‌కి నంబరు లేదు, డ్రాయింగ్ లేదు. ఫొటోలు చూద్దామా అంటే అవీ నమ్మకస్తులు కావు. నాటి కలర్ ప్రింట్లు దశాబ్దాలు గడిచేసరికి వెలిసి రంగు మారిపోతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో ఆకుపచ్చ, మట్టిరంగు రెండూ ఒకే బూడిదరంగై కూర్చుంటాయి. మ్యూజియంలో చూద్దామా? అక్కడి విమానానికి మళ్లీ మళ్లీ రంగులు వేస్తుంటారు. నేను చూసి వేసిన రిఫరెన్స్ బొమ్మలు కూడా ఎవరో ఆర్టిస్టు ఇలాంటి ఫొటోలు చూసి ఊహించి గీసినవే. అంటే నేను ఒకరి ఊహని కాపీ చేసి, ఆ పని చేసిన మనిషికే “నీకు గుర్తులేదు” అని చెప్పాను.

2025 సెప్టెంబరు 26

దసరాకి ముందు వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని తెనాలి వెళ్లా. శుక్రవారం చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు. ఎక్కడ మొదలైందో అక్కడే ముగింపు. వైమానిక దళాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ స్వయంగా నడిపారు. దిగిన విమానాలకి రెండువైపుల నుంచీ నీళ్లు చిమ్మి సెల్యూట్ చేశారు. 62 ఏళ్ల సర్వీసు. నా ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టి ఇద్దరం చూశాం. ఆ విమానాలు బూడిదరంగులో ఉన్నాయి. 

“ఇప్పుడు ఆకాశం రంగు. అప్పుడు మాకు నేల రంగు” అన్నాడు తాతయ్య. 

అప్పుడు అడిగాను. ఈసారి మోడల్ పక్కన పెట్టి. “ఎలా వేశారు తాతయ్యా మీరు?”

తాతయ్య చెప్పింది ఇదీ. ఆ ఏడాది చలికాలం ముందు ఆర్డర్ వచ్చింది. సార్జెంట్ ఒకాయన సుద్దముక్కతో విమానం మీద గీతలు గీశాడు. కాగితం లేదు, కొలత లేదు. ఒక రెక్కకి ఇద్దరు చొప్పున నిచ్చెనలు వేసుకుని మూడంగుళాల బ్రష్‌లతో పూశారు. స్ప్రే గన్‌లు ఉన్నా చాల్లేదు, టైమూ లేదు. కింద భాగం వెండిరంగు అలాగే వదిలేశారు. ముక్కున ఉండే రాడార్ కోన్‌కి మాత్రం ఎవర్నీ బ్రష్ తగలనివ్వలేదు. దానిలోంచి రాడార్ తరంగాలు బయటికి పోవాలి, ఏ రంగు పడితే ఆ రంగు పూస్తే కుదరదు. స్టాటిక్ పోర్టులని శరీరం మీద చిన్న రంధ్రాలుంటాయి. బయటి గాలి ఒత్తిడి వాటి నుంచే పైలట్ ముందున్న మీటర్లకి అందుతుంది. అవి రంగుతో మూసుకుపోతే ఎత్తు, వేగం తప్పు చూపిస్తాయి. అందుకని వాటికి టేపులు వేసి, తర్వాత అన్నీ తీశారో లేదో సార్జెంట్ మూడుసార్లు లెక్క చూసుకున్నాడట.

“రాత్రి చలికి రంగు ఆరేది కాదు. తెల్లారి చూస్తే ఒకడి చార లావు, ఒకడిది సన్నం. ఎడమ రెక్క నాదీ, ఒక తమిళ కుర్రాడిదీ. దూరం నుంచి చూసినా మా రెక్క ఏదో మాకు తెలిసిపోయేది.”

అప్పుడు నా మోడల్ తీసుకొచ్చాను. ఆయన వేలు రాసిన చోట చూశాను. నేను ఎయిర్‌బ్రష్‌తో వేసిన అంచులు పొగలా ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి ఉన్నాయి. యూట్యూబ్‌లో అందరూ మెచ్చుకునే మెత్తటి అంచు. బ్రష్‌తో వేసిన విమానానికి అలాంటి అంచు రాదు. పైగా ఒళ్లంతా గీతలు, పెచ్చులూడిన మచ్చలు, నూనె మరకలు చేసి పెట్టా. ఇన్‌స్టాలో అవే హిట్టు మరి.

“డిసెంబరు నాటికి ఆ రంగు వయసెంతరా? రెండు నెలలు. అప్పుడే అంత పాతబడుతుందా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. “సారీ తాతయ్యా, ఆ రోజు అలా అనకూడదు” అన్నాను. “ఏ రోజు?” అన్నాడు. గుర్తులేక కాదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

మూడంగుళాలు ఎంతవుతుంది?

హైదరాబాద్ వచ్చి ముందు చేసిన పని ఒక భాగహారం. మూడంగుళాలు అంటే 76 మిల్లీమీటర్లు. 48తో భాగిస్తే 1.6. అంటే తాతయ్య చేతిలో బ్రష్ నా స్కేల్‌లో 1.6 మిల్లీమీటర్ల వెడల్పు. 

నేను అప్పటిదాకా అయితే ఎయిర్‌బ్రష్, లేదా టచప్‌లకి అర సెంటీమీటరు బ్రష్ వాడేవాణ్ని. అర సెంటీమీటరు బ్రష్ గుర్తు అసలు విమానం మీద పావు మీటరు వెడల్పవుతుంది. చీపురుతో పూసినట్టుంటుంది. అలాగే తాతయ్య వాళ్ల చార అంచు ఒక సెంటీమీటరు అటూ ఇటూ వణికి ఉంటే, నా మోడల్ మీద అది 0.2 మిల్లీమీటరు. కంటికి అందీ అందనట్టు ఉండాలి.

మోడల్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పాత రంగంతా ఊడదీశా. నాలుగొందల లైకులు టిష్యూ పేపర్లలోకి పోయాయి. నిగనిగలాడే నల్లరంగు బేస్ వేసి, దాని మీద అల్యూమినియం రంగు పల్చగా స్ప్రే చేశా. అదే 1963 నాటి వెండి మిగ్. దాని మీద పెన్సిల్‌తో, సార్జెంట్ సుద్దముక్కలాగా, చారలు గీసుకున్నా. తాతయ్య వీడియో కాల్‌లో “రెక్క ముందంచు దగ్గర ఇంకొంచెం వంపు తిప్పు... ఆ, అలాగ” అని దిద్దించాడు. 

ఇక రంగు. టామియా అక్రిలిక్స్ ఎయిర్‌బ్రష్‌కి బంగారం, చేతి బ్రష్‌కి బంక. తొందరగా ఆరిపోతాయి. రెండో పూత వేయబోతే కింది పూత లేచొస్తుంది. ఆరడం ఆలస్యమయ్యేలా రిటార్డర్ రెండు చుక్కలు కలిపి, ఒక పూత వేశాక పూర్తిగా ఒక రోజు వదిలేసి, మూడు పల్చటి పూతలు వేయాల్సి వచ్చింది. చిన్న చిన్న గీతలు, అన్నీ ఒకే దిశలో. తాతయ్య వాళ్లు ఒక రెక్క ఒక్క రాత్రిలో లాగించేశారు. నాకు అరచేతి వెడల్పు రెక్కకి పది రాత్రిళ్లు పట్టింది.

రెండు కళ్లు, రెండు మట్టిరంగులు

ఆకుపచ్చ తేలిగ్గానే కుదిరింది. ఎక్స్ఎఫ్-61 డార్క్ గ్రీన్‌లో కొద్దిగా పసుపు. చిన్న వస్తువు మీద ముదురు రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది కాబట్టి స్కేల్ మోడల్స్‌కి రంగుని కొంచెం పలచన చేయడం అలవాటు. పేచీ అంతా మట్టిరంగు దగ్గరే.

మొదట నా వైపు తప్పు. రాత్రి ఎల్ఈడీ లైటు కింద సరిపోయిన రంగు పొద్దున బాల్కనీలో చూస్తే వేరేగా ఉంది. రెండు రంగులు ఒక వెలుతురులో ఒకేలా, ఇంకో వెలుతురులో వేరువేరుగా కనిపించడం మామూలే. చీరకి మ్యాచింగ్ బ్లౌజు గుడ్డని అమ్మ షాపు బయటికి తెచ్చి ఎండలో చూస్తే విసుక్కునేవాణ్ని. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లు సైన్సు. ఫోన్‌లో ఫొటో తీసి పంపితే ఇంకో ప్రమాదం. కెమెరా తనకి తోచినట్టు వైట్ బ్యాలెన్స్ సర్దేస్తుంది. అందుకని పాత ప్లాస్టిక్ ముక్కల మీద ఆరు రకాల మట్టిరంగులు పూసి, వెనక నంబర్లు రాసి తెనాలి పట్టుకెళ్లా. తాతయ్య నాలుగో నంబరు ఎంచాడు. అమ్మయ్య అనుకున్నా.

అక్టోబరు ఆఖర్లో ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. గుంటూరు నుంచి ఇంటికొచ్చిన రెండోవారం ఫోన్ చేశాడు. “ఒరేయ్, నా పంచెలు ఇంత తెల్లగా ఉంటాయా? మీ అమ్మమ్మ నీలిమందు ఎక్కువేసిందనుకున్నా. ఆ నాలుగో నంబరు ముక్క చూశా. బూడిదలో ముంచినట్టుందేంట్రా?”

శుక్లం అంటే కంట్లో లెన్సు మసకబారడం. మసకతోపాటు అది పసుపు, గోధుమ రంగులోకి తిరిగి నీలం వెలుతుర్ని మింగేస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా జరగడంతో మెదడు సర్దుకుపోతుంది. అంటే తాతయ్య ఇన్నాళ్లూ పసుపు అద్దంలోంచి చూస్తూ రంగు ఎంచాడన్నమాట. ఇప్పుడు కుడికన్ను మూస్తే ఒక మట్టిరంగు, ఎడమకన్ను మూస్తే ఇంకో మట్టిరంగు. నవ్వుతూ చెప్పాడు గానీ, ఆయనకీ భయం పట్టుకుందని తెలుస్తోంది. ఇన్నేళ్లూ గుర్తుందనుకున్న రంగు అసలు గుర్తున్నట్టా, కాదా? నేను ఆగస్టులో అన్న మాటే నిజమైతే?

దారి ఆయనే చూపించాడు. “రంగుని కంటితో మేమూ ఎంచలేదురా. కలిపిన రంగు ఒక చెక్కకి పూసి, పెన్ బయట దున్నిన నేల మీద పడేసేవాళ్లం. ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడటమే. చెక్క వెతుక్కోవాల్సి వస్తే కుదిరినట్టు. ఠక్కున కనపడిందా, మళ్లీ కలుపు.”

కోడ్ లేదనుకున్నా కదా. ఇదే కోడ్. రంగు ఎలా ఉండాలో కాదు, ఏం చేయాలో చెప్పే కోడ్. మా భాషలో చెప్పాలంటే టెస్ట్ కేస్. 

తెనాలి చుట్టూ నల్లరేగడి. పంజాబ్ నేల లేతరంగు ఒండ్రు. కాబట్టి కాలవ పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రుమట్టి దగ్గరికి వెళ్లాం. అక్కడికంటే ఇది కొంచెం నలుపే అన్నాడు తాతయ్య, అయినా చేతికందినదాంట్లో దగ్గరిది అదే. పొద్దున ఎనిమిదింటికి, లేత ఎండలో. ముక్కల్ని నేను పడేస్తే ఆయన వెనక్కి తిరిగి నిలబడి, పిలిచాక కొత్త కంటితో వెతికేవాడు. ఒకటో నంబరు వెంటనే దొరికింది. నాలుగు కూడా. అయిదో నంబరు దగ్గర మాత్రం చాలాసేపు చూసి, “వేశావా అసలు?” అన్నాడు. అది ఎక్స్ఎఫ్-52 ఫ్లాట్ ఎర్త్‌కి మూడో వంతు ఎక్స్ఎఫ్-57 బఫ్. దానికి ఇంకొక్క చుక్క బఫ్ కలపమన్నాడు, పంజాబ్ కోసం.

అచ్చం 1971 రంగు ఇదేనని నేను ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేను. కానీ వాళ్లు రంగు తేల్చుకున్న పద్ధతిలోనే తేల్చిన రంగు ఇది. 

మీరూ మొదలుపెడతారా?

ఇన్‌బాక్స్‌లో అడిగేవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

• మొదటి మోడల్‌కి ఎయిర్‌బ్రష్ కొనకండి. 72వ వంతు కిట్, ఒక మంచి సన్న బ్రష్, నాలుగు రంగులు చాలు. 

• “మిగ్-21 రంగేంటి?” అని వెతక్కండి. ఏ దేశం, ఏ ఏడాది, వీలైతే ఏ విమానం అని తేల్చుకోండి. సగం తప్పులు అక్కడే పోతాయి.

• రంగు వేసే ముందు అసలు విమానానికి ఎలా వేశారో కనుక్కోండి. స్ప్రే చేసినదైతే అంచు మెత్తగా ఉండాలి. కాగితం ముక్కని మోడల్‌కి ఆనించకుండా ఒక మిల్లీమీటరు ఎత్తున నిలిపి స్ప్రే చేస్తే వస్తుంది. బ్రష్‌తో వేసినదైతే అంచు గట్టిగా ఉండాలి. అసలు బ్రష్ వెడల్పుని మీ స్కేలుతో భాగించండి.

• రంగు పాతబడినట్టు చేసే ముందు దాని వయసెంతో లెక్కేయండి. నేను ఈసారి వెండిరంగు పెన్సిల్‌తో కాక్‌పిట్‌కి ఎడమ పక్క, పైలట్ నిచ్చెన ఆనే చోట, మెకానిక్‌ల కాళ్లు పడే రెక్క మొదట్లో మాత్రమే సన్నటి గీతలు పెట్టా. 

• సొంత కళ్లతో ఒక పెద్ద విమానం ఒళ్లు చూడండి. వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది. క్యామఫ్లాజ్ లేకపోయినా రివెట్లు, ప్యానెల్ అతుకులు, ఎండకి రంగు ఎలా మారుతుందో దగ్గర్నుంచి తెలుస్తాయి.

• మీ ఇంట్లోనో వీధిలోనో ఆ పని చేసిన పెద్దవాళ్లుంటే ముందు వాళ్లని అడగండి. వాళ్ల మాటకీ ఫొటోకీ తేడా వస్తే వెంటనే ఫొటో వైపు వెళ్లిపోకండి.

ఎడమ రెక్క

కుడి రెక్క, బాడీ, తోక పూర్తయ్యాక ఎడమ రెక్క మిగిల్చి జనవరిలో తెనాలి తీసుకెళ్లా. తాతయ్య చేతికి 1.6 మిల్లీమీటర్ల బ్రష్ ఇచ్చా. అప్పటికి రెండో కంటికీ ఆపరేషన్ అయిపోయింది. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, టేబుల్ ల్యాంపు పెట్టి, భూతద్దం నేను పట్టుకున్నా. 

చెయ్యి వణికింది. మణికట్టుని బల్ల అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక గీత, వదిలి మళ్లీ ఒక గీత. నేను మధ్యలో “అక్కడ బయటికొచ్చింది తాతయ్యా, దిద్దనా?” అన్నాను. “మా సార్జెంటే దిద్దలేదు, నువ్వెవడివి?” అన్నాడు. మూడు సాయంత్రాలు వేశాడు. కుడి రెక్క చారలు నీట్‌గా ఉన్నాయి. ఎడమ రెక్క మీద ఒక చార లావు, ఒకటి సన్నం. చివర్లో కడుపు కింద గన్ పాడ్, పైన కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల గుర్తులు అతికించా. ఎఫ్ఎల్ రకం మిగ్‌కి లోపల ఫిరంగి ఉండదు, అందుకే ఆ పాడ్.

భోగి రోజు అమ్మమ్మ అన్నంత పనీ చేసింది. బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి ఎడ్లబండికీ దశావతారాలకీ మధ్య మిగ్-21. పేరంటానికొచ్చిన పక్కింటి పిల్లాడు, ఆరో తరగతి, దాని ముందే గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోవద్దని వాళ్లమ్మ కేకేస్తోంది. తాతయ్య లేచి వెళ్లి, మోడల్ తీసి వాడి చేతిలోనే పెట్టాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

“ఎవరు చేశారు తాతగారూ?” అన్నాడు వాడు.

“మా మనవడు. అదిగో, ఆ నిలబడ్డవాడు.” తర్వాత రెక్క మీద వేలు పెట్టి అన్నాడు, “ఈ పక్క మాత్రం నేను వేశాను.”